వైర్‌లెస్ మౌస్ మొరాయించిన 27 రోజులు: నా అనుభవం

నవంబరు 3, సోమవారం ఉదయం పది గంటల ప్రాంతంలో నా కంప్యూటరు తెర మీద బాణం మొదటిసారి ఆగి ఆగి కదిలింది. నవంబరు 29న కొత్త మౌస్ చేతికి వచ్చింది. ఈ మధ్యలో రెండుసార్లు బ్యాటరీ మార్చాను, కంప్యూటరును ఫార్మాట్ చేయించాను, దాదాపు మూడు రోజుల పని పోగొట్టుకున్నాను. అన్నిటికీ మించి, ఇరవై నాలుగేళ్లుగా అన్నం పెడుతున్న నా కుడి చేతి మీదే నాకు అనుమానం కలిగింది. ఇలాంటి బాధలో ఉన్నవారికి కొంత తిరుగుడైనా తప్పుతుందని, జరిగింది జరిగిన వరసలోనే రాస్తున్నాను.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఇంటి దగ్గరే డీటీపీ పని, అంటే కంప్యూటరులో పుస్తకాల పేజీలు కూర్చే పని చేస్తాను. జనవరిలో పుస్తక మహోత్సవం ఉంటుంది కాబట్టి మాకు నవంబరు, డిసెంబరు నెలలు ఊపిరి తీసుకోనివ్వవు. ప్రతి రచయితా తన పుస్తకం ఆ నాటికి బయటికి రావాలనే కోరుకుంటాడు. అప్పుడు నా చేతిలో ఉన్నది 312 పేజీల వ్యాస సంపుటి. దాదాపు ప్రతి రెండు పేజీలకూ ఒక అధస్సూచిక (ఫుట్‌నోట్) ఉంది. డిసెంబరు 10లోగా ఫైలు ప్రెస్సుకు ఇస్తానని ప్రచురణకర్తకు మాట ఇచ్చాను. మౌస్ 2023 జూన్‌లో ఆన్‌లైన్‌లో 1,095 రూపాయలకు కొన్నది. బల్ల మీద ఎప్పుడూ ప్రూఫు కట్టలు పరచి ఉంటాయి, తీగ ఉన్న మౌస్ వాటికి తట్టుకుంటూ ఉంటుంది. ఆ ఇబ్బంది పడలేకే వైర్‌లెస్‌కు మారాను.

ఆ సోమవారం రెండు రకాల తేడాలు కనిపించాయి. ఒకటి, బాణం సాఫీగా జరగక, ఉన్నచోటే ఒక క్షణం నిలబడి, తర్వాత నాలుగు అంగుళాల దూరంలో తేలేది. రెండోది, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో ఒక టెక్స్ట్ బ్లాకును పట్టుకుని కిందికి లాగుతుంటే సగం దారిలో అది చెయ్యి జారినట్టు వదిలేసేది. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు తీసుకునేది. అప్పుడు నేను ఈ రెండింటినీ ఒకే జబ్బు అనుకున్నాను. నా కాలమంతా తినేసింది ఈ ఒక్క పొరపాటే. 212వ పేజీలో ఒక అధస్సూచిక అలాగే సగంలో జారి, పైన ఉన్న రెండు పంక్తుల మీద కూర్చుంది. నేను చూసుకోలేదు. మర్నాడు ప్రూఫులు చూసిన మాస్టారు ఎర్ర పెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టి పంపారు. ఆయన ఏమీ అనలేదు కానీ నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

మా అమ్మకు యాభై ఐదు దాటాక చేతి వణుకు వచ్చింది. ముందుగా ముగ్గు గీతలు వంకర పోయాయి, తర్వాత కాఫీ గ్లాసు సాసరులో పెట్టి ఇవ్వడం మానేసింది. నాకిప్పుడు యాభై ఒకటి. బ్లాకు చెయ్యి జారినట్టు పడిపోయిన ప్రతిసారీ నాకు ఆ ముగ్గు గీతలే గుర్తుకు వచ్చేవి. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మౌస్ పాడైందని పైకి అంటూ, లోపల మాత్రం చెయ్యే పాడైందేమోనని భయపడుతూ ఆ వారమంతా గడిపాను.

ముందుగా అందరూ చేసే పనే చేశాను, బ్యాటరీ మార్చాను. ఇంట్లో రీఛార్జ్ చేసుకునే బ్యాటరీ ఒకటి ఉంటే వేశాను. గంట తిరక్కుండానే చార్జి తక్కువగా ఉందని తెర మీద హెచ్చరిక వచ్చింది. ఆ రకం బ్యాటరీ వాడుతున్నప్పుడు ఎక్కువసేపు 1.2 వోల్టుల దగ్గరే ఉంటుందనీ, మామూలు ఆల్కలైన్ బ్యాటరీ 1.5 వోల్టులనీ, అందువల్ల కొన్ని మౌస్‌లు దాన్ని అయిపోతున్న బ్యాటరీగా లెక్కేస్తాయనీ నాకు తర్వాత తెలిసింది. 70 రూపాయలు పెట్టి ఆల్కలైన్ జత తెచ్చి వేస్తే హెచ్చరిక పోయింది, జబ్బు పోలేదు.

నవంబరు 4 సాయంత్రం మౌస్‌ను తిరగేసి చూస్తే, అడుగున ఎర్రటి వెలుగు వచ్చే చిన్న గుంటలో ఒక తల వెంట్రుక అడ్డంగా ఉంది. ఇయర్‌బడ్‌తో తీసేసి, ప్యాడ్ కూడా శుభ్రంగా తుడిచాను. ఆ రాత్రి పదకొండు గంటల వరకు బాణం నీళ్ల మీద పడవలా నడిచింది. నా కష్టమంతా ఒక్క వెంట్రుక వల్ల వచ్చిందనుకుని హాయిగా నిద్రపోయాను. మర్నాడు ఉదయం మళ్లీ అదే తంతు. ఆ ఒక్క రాత్రి ఎందుకు బాగుందో తెలియడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది.

నవంబరు 6న, దగ్గరలో కంప్యూటర్లు బాగుచేసే ఒక దుకాణానికి వెళ్లాను. అక్కడి కుర్రాడు నేను చెప్పింది రెండు నిమిషాలు విని, "డ్రైవర్లు పాడైపోయాయి మేడమ్, ఫార్మాట్ చేసేస్తే అన్నీ సెట్టయిపోతాయి" అన్నాడు. డ్రైవర్లంటే మౌస్ లాంటి పరికరాలను కంప్యూటరుతో కలిపి పనిచేయించే ప్రోగ్రాములు. ఖర్చు 600 రూపాయలు, మర్నాటికి ఇస్తామన్నారు. సీపీయూ ఒక్కటే చాలన్నారు కాబట్టి మౌస్, మిగతా సరంజామా ఇంట్లోనే ఉంచాను. మర్నాడన్నది ఎనిమిదో తేదీ సాయంత్రానికి చేరింది. వాళ్లు తమ తీగ మౌస్ పెట్టి అటూ ఇటూ తిప్పి, "చూడండి, ఎంత ఫాస్టుగా ఉందో" అని చూపించారు. నిజంగానే బాగుంది. కానీ అక్కడ పరీక్షకు పెట్టింది నా మౌస్‌ను కాదన్న ఆలోచన నాకు ఆ క్షణంలో తట్టలేదు. దుకాణానికి వెళ్లేవారెవరైనా మౌస్‌ను, దాని రిసీవర్‌ను (మౌస్ సంకేతాన్ని అందుకోవడానికి కంప్యూటరుకు గుచ్చే చిన్న ముక్క), కంప్యూటరుకు రోజూ తగిలించే ప్రతి వస్తువునూ వెంట తీసుకువెళ్లి, తమ కళ్ల ముందే తగిలించి చూపించమనడం మంచిది.

ఇంటికొచ్చి తెలుగు ఫాంట్లు మళ్లీ ఎక్కించి, కీబోర్డు అమరిక సరిచేసుకునేసరికి రాత్రి తొమ్మిదయింది. ఇక పుస్తకాల ఫైళ్లు వెనక్కి తెచ్చుకోవాలి. అవన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఉన్నాయి. దీపావళికి ఒక స్నేహితురాలి కంప్యూటరు చెడిపోయి రెండు పుస్తకాలు పోయాయని విని భయపడి, అక్టోబరు నెలాఖరున కొన్న డిస్కు అది. దాన్ని సీపీయూ ముందు భాగంలో మౌస్ రిసీవర్ పక్కనే ఉన్న నీలం రంగు పోర్టులో గుచ్చి, 46 జీబీ నకలు మొదలుపెట్టాను. వెంటనే బాణం తడబడడం మొదలైంది. కొత్తగా ఫార్మాట్ చేసిన కంప్యూటరులో కూడా అంతే. నాకు కోపం కంటే నీరసం ముంచుకొచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి, ఆకుపచ్చ గీత మెల్లగా నిండడం చూస్తూ, ఊరికే మౌస్‌ను అటూ ఇటూ కదుపుతూ కూర్చున్నాను. గీత నిండింది, తెర మీది నకలు కిటికీ మూసుకుంది, డిస్కు మీది చిన్న దీపం మిణుకుమనడం మానేసింది. ఆ క్షణంలోనే నా చేతి కింద బాణం సాఫీగా జరిగింది.

లేచి కూర్చున్నాను. మళ్లీ ఏదో ఒక పెద్ద ఫైలు నకలు పెట్టాను, తడబాటు. ఆపాను, సాఫీ. డిస్కు తీసేశాను, ఇంకా సాఫీ. మూడుసార్లు చేసి మూడుసార్లూ ఒకటే ఫలితం చూశాక, వెంట్రుక తీసిన రాత్రి ఎందుకు బాగుందో అర్థమైంది. ఆ సాయంత్రం మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చి, ఫోటోలు ఎక్కించుకోవడానికి ఆ డిస్కును తన ల్యాప్‌టాప్‌కు తగిలించుకుంది. వెంట్రుకకూ దానికీ సంబంధమే లేదు.

బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ పనిలో ఉన్న తమ్ముడికి ఆ రాత్రే ఫోన్ చేశాను. చెప్పింది మొత్తం విని, "అక్కా, రిసీవర్‌కూ డిస్కు తీగకూ మధ్య ఎంత దూరం ఉంది?" అని అడిగాడు. రెండూ ఆనుకునే ఉన్నాయని చెప్పాను. "అయితే మౌస్ మాట్లాడుతోంది గానీ రిసీవర్‌కు వినపడడం లేదు" అన్నాడు. తర్వాత వివరంగా చెప్పాడు. నా మౌస్ లాంటివి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర చాలా బలహీనమైన రేడియో సంకేతంతో పనిచేస్తాయి. యూఎస్‌బీ 3.0 డిస్కు సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పని చేస్తున్నప్పుడు దాని కనెక్టరు నుంచి, తీగ నుంచి పుట్టే విద్యుత్ రొద సరిగ్గా ఆ మేరలోకి కూడా వ్యాపిస్తుంది. పక్కనే ఉన్న రిసీవర్ ఆ రొదలో మౌస్ సంకేతాన్ని పోల్చుకోలేకపోతుంది. ఇది అతని ఊహ కూడా కాదు. ఇంటెల్ సంస్థ 2012లోనే ఈ విషయం మీద ఒక పత్రం వెలువరించింది. చాలా కంప్యూటర్లలో యూఎస్‌బీ 3.0 పోర్టు లోపలి ప్లాస్టిక్ నీలంగా ఉంటుంది. రిసీవర్‌ను దాని పక్కనున్న నల్ల పోర్టులోకి మార్చినా పెద్దగా ప్రయోజనం ఉండదని కూడా అన్నాడు, ఎందుకంటే ఆ రొద రిసీవర్‌కు పోర్టులోంచి కాదు, గాలిలోంచి చేరుతుంది. మార్చి చూశాను, అతను చెప్పినట్టే పెద్ద తేడా లేదు.

ఆదివారం దుకాణాలు లేవు. నవంబరు 10న బీసెంట్ రోడ్డుకు వెళ్లి 120 రూపాయలకు ఒకటిన్నర మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చాను. డిస్కును సీపీయూ వెనక పోర్టుకు మార్చాను. రిసీవర్‌ను కేబుల్ చివర గుచ్చి, మౌస్ ప్యాడుకు జానెడు దూరంలో బల్ల అంచుకు టేపుతో అంటించాను. డిస్కు నకలు తీస్తూ ఉండగానే బాణాన్ని తెర నాలుగు మూలలకూ తిప్పాను. ఎక్కడా తొట్రుపాటు లేదు. కాసేపు పని ఆపితే మౌస్ ఆలస్యంగా లేస్తోందని చెబితే, తమ్ముడు డివైస్ మేనేజరులో యూఎస్‌బీ హబ్ దగ్గర, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని కంప్యూటరు ఆపివేయవచ్చు అన్న టిక్కు తీసేయించాడు. అది కూడా సర్దుకుంది.

పదకొండో తేదీ ఉదయం 140వ పేజీలో ఒక బ్లాకు పట్టుకుని లాగాను. సగంలో జారిపోయింది.

ఆ క్షణం ఎంత దిగులు పుట్టిందో చెప్పలేను. అంతకు ముందు నింద మోయడానికి బ్యాటరీ, వెంట్రుక, డ్రైవర్లు, డిస్కు ఉన్నాయి. ఇప్పుడు అవన్నీ పోయి చెయ్యి ఒక్కటే మిగిలింది. మళ్లీ లాగాను, మళ్లీ జారింది. వేలు బిగబట్టి గట్టిగా నొక్కి లాగితే నిలిచింది, కాస్త తేలికపడగానే జారింది. వేలిలో పట్టు తగ్గుతోందని అనుకోవడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆ మధ్యాహ్నం నరాల డాక్టరు దగ్గర చీటీ రాయించుకోవడానికి నంబరు కూడా వెతికి పెట్టుకున్నాను. ఎందుకో, దానికి ముందు ఒకసారి తమ్ముడికి నిజం చెబుదామనిపించింది. చెప్పాను. అవతల కాసేపు మాటలేదు. తర్వాత, "అక్కా, చెయ్యో మౌసో పది నిమిషాల్లో తేలుస్తాను, ఒక తీగ మౌస్ తెచ్చుకో" అన్నాడు.

350 రూపాయలు పెట్టి తెచ్చాను. ఎన్ని నొక్కులు పడ్డాయో లెక్కపెట్టే ఒక పేజీని తమ్ముడు పంపాడు. వైర్‌లెస్ మౌస్‌తో పైకి లెక్కపెట్టుకుంటూ, తొందరపడకుండా, కుడి చేతితో వందసార్లు నొక్కాను. తెర మీద 119 అని వచ్చింది. అదే కుడి చేతితో తీగ మౌస్‌ను వందసార్లు నొక్కాను. సరిగ్గా 100. మళ్లీ చేశాను, 100. చివరికి వైర్‌లెస్ మౌస్‌ను ఎడమ చేతిలోకి తీసుకుని, అలవాటు లేని వేలితో వందసార్లు నొక్కాను. 122 వచ్చింది. నా రెండు చేతులూ బాగున్నాయి. లోపమంతా ఆ ఎడమ బటన్‌లో ఉంది. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది, నాకు మాత్రం కళ్లనీళ్లు ఆగలేదు. డాక్టరు నంబరు రాసిన కాగితాన్ని చించేశాను.

బటన్ కింద ఒక బుల్లి స్విచ్చు ఉంటుంది. దానిలో స్ప్రింగులా వంగే పల్చటి లోహపు రేకు, నొక్కినప్పుడల్లా టక్కుమని వెళ్లి ఒక మొనకు తగులుతుంది. వాడగా వాడగా రేకు బిగువు తగ్గినా, తగిలే చోట మసి పట్టినా, అది ఒక్కసారి నిలకడగా తగలకుండా చిటుక్కుచిటుక్కున రెండు మూడుసార్లు తగులుతుంది. దాన్ని కంప్యూటరు రెండు నొక్కులుగా లెక్కేస్తుంది. లాగుతున్నప్పుడు రేకు రెప్పపాటు విడిపోతే, మనం వేలు తీశామనుకుని బ్లాకును అక్కడే వదిలేస్తుంది. గట్టిగా నొక్కితే నిలవడానికి కారణం కూడా ఇదే. నేను రోజుకు ఆరు వేలసార్లయినా నొక్కుతాను. ఆ లెక్కన రెండు సంవత్సరాల అయిదు నెలల్లో నలభై లక్షలు దాటి ఉంటాయి. డబుల్ క్లిక్ వేగం తగ్గించి చూశాను, ఫలితం లేదు. సెట్టింగులలో కుడి బటన్‌ను ప్రధాన బటన్‌గా మార్చుకుంటే మాత్రం బ్లాకు జారడం పూర్తిగా ఆగింది, ఎందుకంటే ఆ స్విచ్చు అంతగా అరగలేదు. వేలికి పాత అలవాటు పోక పది నొక్కుళ్లలో మూడు తప్పుతూ ఉంటే, ఒక రోజు చూసి తీగ మౌస్‌కే మారిపోయాను. రెండు మూడు రోజులు గడపవలసినవారికి ఆ పైసా ఖర్చు లేని ఉపాయం పనికొస్తుంది.

పాత డబ్బా అటక మీద దొరికింది. దాని మీద మూడేళ్ల వారంటీ అని రాసి ఉంది. బిల్లు మెయిల్లో 2023 జూన్ నాటిది దొరికింది. నవంబరు 13న కంపెనీకి మెయిల్ పెట్టాను. 15న జవాబు వచ్చింది: బ్యాటరీ మార్చారా, వేరే కంప్యూటరుకు తగిలించి చూశారా, వేరే పోర్టు చూశారా అని అడిగారు. అన్నీ అప్పటికే చేసి ఉన్నాను కాబట్టి తేదీలతో సహా రాసి పంపాను. సీరియల్ నంబరు బ్యాటరీ గదిలో ఉన్న చీటీ మీద ఆవగింజంత అక్షరాలలో ఉంది. ఫోన్ కెమెరాలో పెద్దది చేసుకుంటే తప్ప చదవలేకపోయాను. వీడియో కావాలన్నారు. మొదటిసారి తెరను మాత్రమే తీశాను. నొక్కే వేలు కనిపించడం లేదని వెనక్కి పంపారు. రెండోసారి వేలు, తెర కనిపించాయి కానీ సీరియల్ నంబరు వేరే వీడియోలో ఉంది. మూడూ ఒకే వీడియోలో ఉండాలట. మూడోసారి మావారు ఫోన్ పట్టుకోగా, ముందు చీటీ చూపించి, తర్వాత పైకి లెక్కపెడుతూ ఇరవైసార్లు నొక్కి, తెర మీద 24 పడడం చూపించాను. 19న ఒప్పుకుంటున్నట్టు జవాబు వచ్చింది. ఆ తర్వాత ఎనిమిది రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఒకసారి గుర్తుచేసినా యాంత్రికమైన జవాబు తప్ప మరేమీ రాలేదు. 27న కొరియర్ నంబరు వచ్చింది, 29న పార్సిల్ వచ్చింది. పైసా తీసుకోలేదు, పాత మౌస్ తిరిగి ఇమ్మనలేదు.

కొత్త మౌస్‌లో బ్యాటరీ వేసి, ఆన్ చేసి కదిపితే తెర మీద ఏ కదలికా లేదు. పదిహేను నిమిషాలు గుండె దడదడలాడింది. సంగతేమిటంటే, బల్ల అంచున ఉన్నది పాత రిసీవర్. అది పాత మౌస్‌తో జతపడినది కాబట్టి కొత్తదాన్ని గుర్తించలేదు. కొత్త రిసీవర్ బ్యాటరీ గదిలోనే పక్క అరలో దాగి ఉంది. దాన్ని కేబుల్‌కు పెట్టగానే బాణం కదిలింది. బ్లాకు పట్టుకుని పేజీ మొదటి నుంచి చివరిదాకా పదిసార్లు లాగాను, పదిసార్లూ వేలితోనే వచ్చింది.

బ్యాటరీలు 70, ఫార్మాట్ 600, కేబుల్ 120, తీగ మౌస్ 350. మొత్తం 1,140 రూపాయలు. పాత మౌస్ ధర కంటే 45 రూపాయలు ఎక్కువే అయింది. అందులో నిజంగా పనికొచ్చినవి కేబుల్, తీగ మౌస్. పోయిన రోజులు వేరు: రాత్రి రెండింటి వరకు కూర్చుని, డిసెంబరు 9న, ఒప్పుకున్న గడువుకు ఒక రోజు ముందు ఫైలు ప్రెస్సుకు పంపాను. పంపే ముందు 312 పేజీలలోని అధస్సూచికలన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ చూశాను. మరో నాలుగు చోట్ల జారిన జాడలు దొరికాయి.

డిసెంబరు మూడో వారంలో తమ్ముడు వచ్చినప్పుడు పాత మౌస్‌ను విప్పమన్నాను. అడుగున అంటించిన నల్లటి జారుడు బిళ్లలు ఊడదీస్తే వాటి కింద మరలు ఉన్నాయి. లోపల ఎడమ బటన్ కింద శనగగింజంత నల్ల స్విచ్చు. బ్లేడుతో దాని మూత లేపి, పట్టకారుతో రేకును బయటికి తీశాడు. రాగి రంగు రేకు, ఒక కొసన మొన తగిలే చోట సూదితో పొడిచినంత నల్ల మచ్చ. తమ్ముడు దాన్ని నా చూపుడు వేలి గోటి మీద పెట్టాడు. వెలుతురు కోసం కిటికీ దగ్గరికి వెళ్లి, చెయ్యి చాపి, చాలాసేపు చూశాను. రేకు కదలలేదు.